రెండేళ్లు ఎదురుచూసిన అబ్బాయి, ఆగస్టులో వచ్చిన అబ్బాయి: హైస్కూల్ ఫుట్‌బాల్ ట్రాన్స్‌ఫర్లపై ఒక సందేహం

లైన్‌మన్ నాన్న (టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి డాలస్ శివార్లలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతి చదువుతూ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో సెంటర్‌గా ఆడుతున్నాడు. బంతిని కాళ్ల మధ్య నుంచి, దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు అందించి, ఆ మరుక్షణమే ఎదుటివాడి ఛాతీకి అడ్డం పడేవాడన్నమాట. తొమ్మిదిలో ఫ్రెష్‌మన్ జట్టు, పదిలో జేవీ (రెండో జట్టు), పదకొండులో వర్సిటీ (స్కూలు ప్రధాన జట్టు) అని వాడు ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. వేసవి సెలవుల్లో పొద్దున్న ఆరింటికి వెయిట్ రూమ్ దగ్గర దింపి వచ్చేది నేనే. మే నెలలో స్ప్రింగ్ ప్రాక్టీసు ముగిసేటప్పటికి లాకర్ రూమ్ తలుపు మీద అంటించిన డెప్త్ చార్టులో (ఏ స్థానంలో ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న జాబితా), సెంటర్ గడిలో, వీడి పేరే పైన ఉంది. ఆగస్టులో పక్క ఊరి స్కూలు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల కుటుంబం మా స్కూలు పరిధిలో అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకుంది. రెండు వారాలు తిరగకుండానే వీడి పేరు ఒక గీత కిందికి దిగింది.

ఆ అబ్బాయి కాగితాల్లో లోపమేమీ లేదని ముందే చెప్పాలి. టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్ల ఆటలను నడిపే యూఐఎల్ నియమం ప్రకారం, వేరే స్కూల్లో ఆడి వచ్చిన విద్యార్థి ఇక్కడ వర్సిటీలో దిగాలంటే 'ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం' నింపాలి. దాని మీద తల్లిదండ్రులతో పాటు పాత స్కూలు వాళ్లు కూడా సంతకం చేయాలి. ఈ విద్యార్థి ఆట కోసమే స్కూలు మారుతున్నాడా అన్న ప్రశ్నకు వాళ్లు సమాధానం రాయాలి. ఆట కోసమేనని తేలితే ఒక క్యాలెండర్ సంవత్సరం పాటు వర్సిటీలోకి రానివ్వరు, కింది జట్లలో ఆడుకోవచ్చు. ఆ సంగతి తేల్చేది డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ. ఆ కమిటీలో కూర్చునేదేమో అదే డిస్ట్రిక్టులో ఒకరితో ఒకరు తలపడే స్కూళ్ల సూపరింటెండెంట్లు, లేదా వాళ్లు పంపిన ప్రతినిధులు. (పోటీదారులే తీర్పరులు కావడం మొదట్లో నాకు వింతగా తోచింది, ఇప్పటికీ తోస్తూనే ఉంది.) ఈ అబ్బాయి విషయంలో పాత కోచ్ 'కాదు' అని రాసి సంతకం పెట్టాడు, వ్యవహారం అక్కడితో ముగిసింది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. మా ఆఫీసు వాళ్లు వచ్చే జూన్‌లో నన్ను లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి బదిలీ చేస్తున్నారు. దాంతో పన్నెండో తరగతిలో మావాడే వెళ్లి ఇంకెవరో పిల్లవాడి పేరును ఒక గీత కిందికి దించుతాడు, లేకపోతే చివరి ఏడాది అంతా పక్కన కూర్చుంటాడు. మొన్నటిదాకా ట్రాన్స్‌ఫర్లకు ఇంకా గట్టి నియమాలు ఉండాలని ఇంట్లో వాదించిన నేనే, ఇప్పుడు కాలిఫోర్నియా నియమాల్లో సందులు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నాను.

అందుకే రెండు విషయాలు అడుగుతున్నాను. ఉద్యోగరీత్యా రాష్ట్రం మారే కుటుంబంలోని పిల్లవాడికి కాలిఫోర్నియాలో ఆడే అర్హత వెంటనే దొరుకుతుందా? ఊరు మారే స్వేచ్ఛకూ, ఎదురుచూసినవాడి వంతుకూ రెండింటికీ న్యాయం చేసే పద్ధతి ఏ రాష్ట్రంలోనైనా ఉందా? కోపంతో అడగడం లేదు. కొంచెం కోపం ఉన్న మాట నిజమే.

ఆరెంజ్ కౌంటీ పాతకాపు (కాలిఫోర్నియా)

మొదటి ప్రశ్నకు జవాబు సులువే, మీకు అనుకూలంగానే ఉంది. ఇక్కడ ఆటల నిర్వహణ సీఐఎఫ్‌ది. కుటుంబం మొత్తం పాత ఇంటిని వదిలి కొత్త స్కూలు పరిధిలోకి నిజంగా కాపురం మారిస్తే దాన్ని 'వ్యాలిడ్ చేంజ్ ఆఫ్ రెసిడెన్స్' అంటారు. అలాంటప్పుడు మీ అబ్బాయికి మొదటి ఆట నుంచే పూర్తి అర్హత ఉంటుంది. కాపురం మారకుండా స్కూలు మాత్రమే మారినవాళ్లకు, అదీ మొదటిసారి మారినవాళ్లకు, 'సిట్-అవుట్ పీరియడ్' వర్తిస్తుంది. ఫుట్‌బాల్‌లో దాదాపు సగం సీజన్ కూర్చుని, మిగతా సగం ఆడవచ్చు.

ఇందులో 'కుటుంబం మొత్తం' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చిన్నదాని స్కూలు ముగిసేదాకా అమ్మ టెక్సాస్‌లోనే ఉంటుందనో, అక్కడి ఇల్లు కొన్నాళ్లు అలాగే ఉంచుదామనో అనుకుంటే, ఆ సంగతి కొత్త స్కూల్లోని అథ్లెటిక్ డైరెక్టర్‌కు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పాత ఇల్లు ఖాళీ చేసినట్టు రుజువు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. సీఐఎఫ్ బైలా 202 కింద తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 24 నెలల దాకా అనర్హత పడవచ్చు. పన్నెండో తరగతి పిల్లవాడికి 24 నెలలంటే హైస్కూల్ ఆట ముగిసిపోయినట్టే. ఇంటి చిరునామా విషయంలో చిన్న అబద్ధమే కదా అని పెద్దవాళ్లు రాసిన దానికి పిల్లలు మూల్యం చెల్లించడం నేను దగ్గర నుంచి చూశాను. ఆ కుటుంబం వివరాలు ఇక్కడ రాయను.

రెండో ప్రశ్నకు మా అనుభవమే జవాబు. సీఐఎఫ్‌లో మా ప్రాంతపు విభాగమైన సదరన్ సెక్షన్‌లో 500కు పైగా స్కూళ్లున్నాయి. అందులో అన్నిటికంటే పై మెట్టు అయిన డివిజన్ 1 టైటిల్‌ను 2016 నుంచి 2024 వరకు పోటీ జరిగిన ప్రతిసారీ శాంటా అనాలోని మేటర్ డే, బెల్‌ఫ్లవర్‌లోని సెయింట్ జాన్ బాస్కో, ఈ రెండే పంచుకున్నాయి. రెండూ ప్రైవేటు కాథలిక్ స్కూళ్లు, రెండింటికీ సరిహద్దులు లేవు, దూరాల నుంచి పిల్లలు చేరతారు. మిగిలిన స్కూళ్లు ఏం చేయాలి? ట్రాన్స్‌ఫర్లను ఆపడం కుదరదని తెలుసుకుని సెక్షన్ పెద్దలు వేరే దారి పట్టారు. స్కూలు పరిమాణాన్ని బట్టి కాకుండా జట్టు బలాన్ని బట్టి డివిజన్లు పెట్టారు; 2021 నుంచి ఆ ఏడాది రెగ్యులర్ సీజన్ ఫలితాల మీద లెక్కగట్టిన రేటింగులతోనే ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ పోటీల) డివిజన్లు నిర్ణయిస్తున్నారు. ఆఖరి లీగ్ ఆట ముగిసేదాకా ఏ డివిజన్‌లో పడతామో ఎవరికీ ఖాయంగా తెలియదు. దీనివల్ల మా వీధి చివరి ప్రభుత్వ స్కూలు నవంబరులో తన ఈడు జట్లతోనే తలపడుతోంది, స్టాండ్స్ నిండుతున్నాయి.

నా మటుకు నాకు ఇదే సరైన మార్గం. పిల్లవాణ్ని పట్టుకుని 'నువ్వు ఎందుకు వచ్చావు?' అని అడగడం కంటే, జట్టును చూసి 'మీ బలం ఎంత?' అని అడగడం మేలు. మొదటిదానికి అబద్ధం చెప్పవచ్చు, రెండోదాన్ని స్కోరుబోర్డు చెబుతుంది.

టాంపా అమ్మ (ఫ్లోరిడా)

పైన రాసిన ఆయనతో సగం వరకు ఏకీభవిస్తాను. మా రాష్ట్రం మీ రెండు రాష్ట్రాల కంటే చాలా దూరం వెళ్లింది. 2016లో వచ్చిన చట్టం ప్రకారం, ఖాళీ ఉన్న ఏ ప్రభుత్వ స్కూల్లోనైనా, కౌంటీ దాటి అయినా, పిల్లల్ని చేర్చవచ్చు. చేరిన వెంటనే ఆడనివ్వాలి. ఒకే విద్యా సంవత్సరంలో ఒకే ఆటను రెండు స్కూళ్ల తరఫున ఆడకూడదన్నది ముఖ్యమైన అడ్డుకట్ట, దానికీ కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఎందుకు మారుతున్నారని అడిగే ఫారం లేదు, రుజువు చేసుకోవాల్సిన పని లేదు.

మా పెద్దవాణ్ని పదో తరగతి తర్వాత మార్చాము. నిజం చెప్పాలంటే కారణాలు రెండున్నాయి: పాత కోచ్ పిల్లలతో మాట్లాడే తీరు నాకు నచ్చలేదు, కొత్త స్కూల్లో పాసింగ్ ఆట మావాడికి నప్పుతుంది. ఇందులో ఎంత శాతం ఆట కోసం, ఎంత శాతం వాడి మనశ్శాంతి కోసం అని ఏ కమిటీ అయినా నన్ను నిలదీస్తే నేను చెప్పలేకపోయేదాన్ని, ఇప్పటికీ చెప్పలేను. అమ్మానాన్నల మనసులో ఏముందో తేల్చే బాధ్యత ఆదివారం దాకా ఆట వీడియోలు చూసుకుని సోమవారం సమావేశానికి వచ్చే పెద్దమనుషుల మీద పెట్టడం నాకు సబబుగా తోచదు.

అయితే నష్టం లేదని అనను. మేము వదిలి వచ్చిన స్కూలు నుంచి ఆ వేసవిలోనే ఇంకా కొందరు వెళ్లిపోయారు. ఎనిమిదో తరగతి నుంచి కలిసి ఆడిన జట్టు అది. మిగిలినవాళ్లు ఆటకు ఇరవై మందికి కొద్దిగా ఎక్కువగా దిగేవారు, దాడికీ రక్షణకూ అవే ముఖాలు. స్వేచ్ఛ అందరికీ ఉందనడం వినడానికి బాగానే ఉంటుంది. పొద్దున్నే నలభై నిమిషాలు కారు నడిపి దింపగలిగే ఇంటివాళ్లకే అది అక్కరకు వస్తుంది. మా అసోసియేషన్ ఈ తేడాను సరిచేద్దామని 2022లో పెద్ద నగరాల కౌంటీలను ఒక వైపు, మిగతావాటిని ఇంకో వైపు పెట్టి మెట్రో, సబర్బన్ అని విడగొట్టింది. రెండు సీజన్లు నడిపి, 2024కల్లా దాన్ని వదిలేసింది.

మా చట్టంలో నాకు నచ్చిన భాగం ఒకటుంది, అది ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పిల్లల్ని ఆశ చూపి లాక్కోవడం ఇక్కడా నిషిద్ధమే, కానీ శిక్ష పడేది ముందుగా పెద్దవాళ్లకు. లాక్కున్నట్టు తేలిన కోచ్ మొదటి తప్పుకే 5,000 డాలర్ల జీతం వదులుకోవాలి, ఆపై సస్పెన్షన్ ఉంటుంది. పిల్లవాడో, తల్లిదండ్రులో తప్పుడు పత్రాలు ఇచ్చినా, తీసుకోకూడని లాభం తీసుకున్నా తప్ప పిల్లవాడి అర్హత పోదు. పదహారేళ్లవాడికి ఏడాది శిక్ష వేసే మీ టెక్సాస్ పద్ధతి కంటే ఇది ధర్మమని నా అభిప్రాయం.

మీ అబ్బాయి విషయంలో ఒక్క మాట, నొప్పించాలని కాదు. మే నెల డెప్త్ చార్టు వాగ్దానం కాదండీ. ట్రాన్స్‌ఫర్ అబ్బాయి రాకపోయినా, పదో తరగతి నుంచి ఇంకొకడు ఎదిగి వచ్చి ఆ చోటు తీసుకుని ఉండవచ్చు. అప్పుడు మీరు ఏ నియమాన్ని తప్పుపట్టేవారు?

చారల చొక్కా (పెన్సిల్వేనియా)

పదేళ్లుగా శుక్రవారం రాత్రుళ్లు అంపైరింగ్ చేస్తున్నాను కాబట్టి మైదానం మధ్య నుంచి కనిపించేది రాస్తాను. ఫుట్‌బాల్‌లో అసమానత స్కోరుకే పరిమితం కాదు, అందుకే దీన్ని బాస్కెట్‌బాల్‌తో కలిపి మాట్లాడకూడదు. పోయిన ఏడాది ఒక చిన్న పట్టణపు జట్టు మూడో క్వార్టర్‌లో 35 పాయింట్లు వెనుకబడింది. మా దగ్గర రెండో సగంలో అంత తేడా వస్తే గడియారం ఆపకుండా తిప్పేస్తాం. ఆ జట్టు లైన్‌మన్ ఒకడు మొదటి ఆట నుంచీ రెండు వైపులా ఆడుతున్నాడు. ఆటగాళ్లు గుమిగూడి మాట్లాడుకునే హడిల్ నుంచి లేచి వస్తూ నా పక్కనే ఆగి, 'సర్, ఇంకెంత ఉంది?' అని అడిగాడు. టైమ్ అడుగుతున్నాడనుకుని చెప్పాను. వాడు అడిగింది గడియారం ఇంకా తిరుగుతోందా అని. అలసిన శరీరం మీద తాజాగా మారి వచ్చిన ఎదుటివాడు పడితే దెబ్బ తగులుతుంది. ట్రాన్స్‌ఫర్ల గురించి మాట్లాడేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ కుర్రవాడే.

పెన్సిల్వేనియా సంగతికి వస్తే, ఇక్కడ 1972 నాటి చట్టంతో ప్రైవేటు స్కూళ్లు కూడా రాష్ట్ర ఆటల సంఘమైన పీఐఏఏలోకి వచ్చాయి. సరిహద్దులున్న స్కూళ్లు, లేని స్కూళ్లు ఒకే ప్లేఆఫ్‌లో ఆడతాయి. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జోసెఫ్స్ ప్రెప్ 2018, 2019, 2020లలో వరుసగా మూడుసార్లు అతిపెద్ద విభాగమైన 6ఏ టైటిల్ గెలిచాక ఈ గొడవ ఇంకా ముదిరింది. దీని మీద మావాళ్లు అప్పటికే రెండు పనులు చేశారు. పదో తరగతి మొదలయ్యాక స్కూలు మారినవాడు ఒక ఏడాది పోస్ట్‌సీజన్‌లో (ప్లేఆఫ్స్‌లో) ఆడకూడదని 2018లో నియమం పెట్టారు. రెగ్యులర్ సీజన్ మాత్రం ఆడుకోవచ్చు. తమ చేతిలో లేని కారణంతో మారినట్టు చూపిస్తే మినహాయింపు ఇస్తారు. పైగా, ప్లేఆఫ్స్‌లో బాగా నెగ్గుకొస్తూనే రెండేళ్లలో ముగ్గురు అంతకు మించి ట్రాన్స్‌ఫర్లను తీసుకున్న ఫుట్‌బాల్ జట్టును ఒక విభాగం పైకి నెట్టే లెక్క కూడా పెట్టారు. ఇల్లినాయ్ 2005 నుంచి సరిహద్దుల్లేని స్కూళ్ల విద్యార్థుల సంఖ్యను 1.65తో గుణించి, దాన్ని బట్టి విభాగం చూస్తోంది, ఇండియానా గెలిచేకొద్దీ జట్టును పై విభాగానికి పంపుతోంది. ఎవరి తంటాలు వాళ్లవి.

నాకు మా రాష్ట్రపు మొదటి నియమం నచ్చుతుంది, ఎందుకంటే అది పిల్లవాడి రోజువారీ ఆటను ముట్టుకోకుండా, స్కూలుకు ఉండే ఆశను మాత్రమే తుంచుతుంది. నవంబరులో పనికిరానివాణ్ని జూలైలో ఎవరూ వెంటపడి పిలవరు.

టాంపా నుంచి రాసిన అమ్మగారు అన్నట్టు, ఉద్దేశాన్ని తేల్చడం కష్టమే. కానీ పిలుపు అనేది ఎంత మెత్తగా వస్తుందో కూడా చూడాలి. 1997లో టెనెసీలో బ్రెంట్‌వుడ్ అకాడమీ కోచ్, తమ స్కూల్లో చేరబోతున్న ఎనిమిదో తరగతి అబ్బాయిలకు స్ప్రింగ్ ప్రాక్టీసుకు రమ్మని ఉత్తరం రాసి, కింద 'మీ కోచ్' అని సంతకం చేశాడు. ఆ పిల్లలు అప్పటికే చేరే కాగితాల మీద సంతకాలు చేసినవాళ్లే. రాష్ట్ర అసోసియేషన్ దాన్ని లాక్కోవడం కిందే లెక్కగట్టి, నాలుగేళ్ల ప్రొబేషన్, ఫుట్‌బాల్ జట్టుకు రెండేళ్లు ప్లేఆఫ్స్ నిషేధం, 3,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ ఒక్క ఉత్తరం కోసం అమెరికా సుప్రీంకోర్టు రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది. అసోసియేషన్ చర్యలు ప్రభుత్వ చర్యలతో సమానమేనని 2001లో 5-4తో చెప్పింది. ఆ నియమం వాక్స్వాతంత్ర్యాన్ని హరించదని 2007లో తేల్చింది. ఆట సంఘాల నియమాలే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు.

లైన్‌మన్ నాన్న గారూ, మీ రెండో ప్రశ్నకు సూటిగా చెబుతాను. పైన మేమందరం రాసినవన్నీ స్కూలుకూ స్కూలుకూ మధ్య న్యాయం గురించినవి. ఒకే లాకర్ రూమ్‌లో ఇద్దరు పిల్లల మధ్య న్యాయం చేసే నియమం ఏ రాష్ట్రపు పుస్తకంలోనూ నాకు కనబడలేదు. పై విభాగానికి నెట్టినా, గుణించినా, సగం సీజన్ కూర్చోబెట్టినా, మీవాడి పేరు పై గీతకు రాదు. అది ఆ ఒక్క కోచ్ చేతిలో ఉన్న విషయం. రెండేళ్లు చెమటోడ్చిన పిల్లవాణ్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు దించుతున్నానో ఐదు నిమిషాలు చెప్పే కోచ్ ఉంటాడు, తలుపు మీద కాగితం మార్చి వెళ్లిపోయే కోచ్ ఉంటాడు. మీకు తగిలింది రెండోవాడేమోనని నా అనుమానం.

లైన్‌మన్ నాన్న (టెక్సాస్)

అందరికీ ధన్యవాదాలు. చారల చొక్కా గారి అనుమానం నిజమే, కాగితమే మారింది. టాంపా అమ్మగారు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. పదో తరగతి పిల్లవాడు వచ్చి ఆ చోటు తీసుకుని ఉంటే బహుశా నేను ఇక్కడ ఏమీ రాసేవాణ్ని కాదు.

ఒక్క విషయంలో మాత్రం విభేదిస్తాను. డివిజన్లు సరిచేస్తే చాలన్నారు ఆరెంజ్ కౌంటీ పెద్దాయన. పిల్లవాడు వదిలి వెళ్లిన స్కూలును కింది డివిజన్‌లో పెడితే ఆటలు సమంగా జరగవచ్చు, కానీ ఆ జట్టులోంచి వెళ్లిపోయినవాడి ఖాళీ రేటింగులో పూడదు. మా డిస్ట్రిక్ట్ కమిటీ పద్ధతిని నేను ఎంత వింతగా చూసినా, ఎందుకు వెళ్తున్నావని ఒక్కసారైనా కాగితం మీద అడగడంలో ఏదో మర్యాద ఉందనిపిస్తోంది. అడిగితే అబద్ధం చెబుతారు నిజమే. అడగకపోతే అసలు ఆలోచించరు కూడా.

మేము నలుగురం కలిసే జూన్‌లో బయలుదేరుతున్నాం, ఇక్కడి ఇల్లు అమ్మకానికి పెట్టాం, కాబట్టి 202 భయం లేదు. ఈ జవాబులన్నీ నిన్న రాత్రి మావాడికి చదివి వినిపించాను. అంతా విని, లాప్‌టాప్ ముందేసుకుని, మేము మారబోయే ప్రాంతంలోని స్కూలు రోస్టర్‌ను (జట్టు జాబితాను) హైస్కూల్ ఆటల వెబ్‌సైటు మాక్స్‌ప్రెప్స్‌లో తెరిచాడు. సెంటర్ స్థానంలో ఇప్పుడు పదకొండో తరగతివాడు ఒక్కడే ఉన్నాడు, వర్సిటీలో ఇదే మొదటి ఏడాది. వాడి ఎత్తు, బరువు చూశాడు. పోయిన ఏడాది జేవీ రోస్టర్‌లో కూడా వాడి పేరు ఉందో లేదో వెతికాడు. ఉంది. లాప్‌టాప్ మూసి, 'నాన్నా, సెంటర్ పక్కన ఆడే గార్డ్ స్థానానికి కూడా ప్రాక్టీసు చేస్తాను' అన్నాడు.